గట్టు లేని ఫోను

నల్లగుట్టపల్లె చరిత్రలో అంచుల్లేని మొదటి ఫోను ఒక ఆదివారం పగలు పదకొండు గంటల పది నిమిషాలకు ఊరి పొలిమేర దాటి లోపలికి వచ్చింది. కడప నుంచి రాయచోటి పోయే దారిలో ఉన్న ఆ ఊరికి అంతకు ముందు వచ్చిన ఘనమైన వస్తువులు రెండే. ఒకటి కరెంటు, రెండోది నీళ్ళ ట్యాంకు. కరెంటు వస్తూ పోతూ ఉంటుంది. ట్యాంకు వచ్చింది గానీ అందులోకి నీళ్ళు ఇంకా రాలేదు. కనుక ఈ మూడోదాన్ని ఊరు కాస్త ఆశతోనే చూసింది.

తెచ్చినవాడు ఓబుళేశు. నలభై ఎకరాల ఆసామి. కడప దగ్గర బండల పాలిష్ ఫ్యాక్టరీ ఉంది. ఎన్నికల్లో ఎప్పుడూ నిలబడలేదు, నిలబడినవాళ్ళ పక్కన నిలబడ్డాడు. ఎదురైన ప్రతి మనిషినీ అన్నా, మామా, అత్తా అని వరస కలిపి పిలవడం ఆయనకు చిన్ననాటి నుంచీ అలవాటు. వరస కలిస్తే పొలం కలవడం ఎంతసేపని ఆయన అనుభవం.

ఫోను ఆయన సరదాకు కొన్నది కాదు, ప్రజాసేవలో భాగంగా కొన్నది. జిల్లాలో ఆయన పార్టీకి పెద్దదిక్కుగా ఉన్నాయన, అందరూ పెద్దాయన అని పిలిచే ఆయన, మండలానికొక డిజిటల్ ప్రగతి కమిటీ వేస్తానని ప్రకటించాడు. ఆ కమిటీ ఏం చేస్తుందో ప్రకటనలో లేదు. అధ్యక్షుడికి కారు మీద బోర్డు పెట్టుకునే హక్కు ఉంటుందని మాత్రం ఉంది. ఆ కుర్చీ కోసం ముగ్గురు ఎదురుచూస్తున్నారు. ముగ్గురికీ డిజిటల్ గురించి తెలిసింది సమానమే కాబట్టి ఎవరి చేతిలో ఏ ఫోను ఉందో చూడ్డం తప్ప పెద్దాయనకు వేరే దారి లేదని ఓబుళేశుకు తోచింది.

కడపలో అంగడివాడు అద్దాల పెట్టె తెరిచి, పసిబిడ్డను అందించినట్టు రెండు చేతులతో ఫోను అందించాడు.

"దీనికి అంచనేదే లేదు సార్. ఈ చివర నుంచి ఆ చివర దాకా తెరే."

ఓబుళేశు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఎక్కడ వేలు పెట్టినా ఏదో ఒకటి తెరుచుకుంటోంది.

"అంతా తెరే అయితే పట్టుకునేది యాడప్పా?"

"పట్టుకునే ఫోన్లు పాతబడిపోయినాయి సార్," అన్నాడు అంగడివాడు, సానుభూతిగా.

ఆ మాటతో ఓబుళేశుకు తాను ఇంతకాలం ఫోనును పట్టుకుంటూ ఉన్నందుకు సిగ్గేసింది. అక్కడికక్కడే కొనేశాడు.

ఇంట్లో ఆయన భార్య లక్ష్మీదేవమ్మ కొత్త ఫోనును చూసి, ముట్టుకోకుండా, చేతులు వెనక్కి పెట్టుకుని చుట్టూ తిరిగి చూసింది.

"గట్టు లేని చేను మాదిరి ఉండాది. ఇంతకీ యాడ నిలబడాల మనిషి?"

"నీకు తెలీదులే. ఇది అంచు లేంది."

"అంచు లేని చీర అయితే చవగ్గా ఇస్తారు గదప్పా. దీనికేం వచ్చె?"

జవాబు లేని ప్రశ్నలను ఓబుళేశు ఆడవాళ్ళ మాటల కింద జమకడతాడు. ఆ రకంగా ఆ సాయంత్రానికి విషయం తేలిపోయింది.

ఫోను వాడకం మాత్రం తేలలేదు. ఓబుళేశు అరచేయి బండలు మోసిన తాత నుంచి వచ్చిన అరచేయి, రొట్టె అంత వెడల్పు. బొటనవేలి కింద కండ ఎప్పుడూ తెర అంచున ఆనుకునే ఉంటుంది. వేలు ఒకటి నొక్కితే కండ ఇంకోటి నొక్కుతుంది. చెవి దగ్గర పెట్టుకుంటే దవడ కూడా కలగజేసుకుంటుంది. ఆ వారంలో ఆయన దవడ పదిమంది మాటలు మధ్యలో కోసేసింది, ఫ్యాక్టరీ గుమాస్తాకు సెలవు మంజూరు చేసింది, ఒంటిమిట్ట కల్యాణానికి పోయినప్పుడు తీసుకున్న బొమ్మలన్నీ సిమెంటు కంపెనీ ఏజెంటుకు పంపింది. పక్క ఊరి మాజీ సర్పంచి పోయాడన్న వార్త కింద అందరూ చేతులు జోడిస్తే, ఓబుళేశు పేరు మీద మాత్రం కన్నీళ్ళు వచ్చేలా నవ్వుతున్న బొమ్మ పడింది. రెండు గంటల తరవాత గానీ ఆయన చూసుకోలేదు. పోయినాయన కొడుకు ఫోన్ చేస్తే, అది ఆనందబాష్పం కాదనీ, కన్నీటి వైపు మాత్రమే చూడమనీ చెప్పుకోవలసి వచ్చింది.

ఈ చిక్కులు పడలేక ఆయన ఫోనును పట్టుకోవడం మానేసి మోయడం మొదలుపెట్టాడు. ఎడమ అరచేయి వెల్లకిలా చాపి, దాని మీద ఫోను ఆనించి, హారతి పళ్ళెం తెచ్చినట్టు గుండె ఎత్తున పెట్టుకుని నడిచేవాడు. ఎదురొచ్చినవాళ్ళు పక్కకు తొలిగేవారు. ఒక ముసలాయన అలవాటుకొద్దీ కళ్ళకద్దుకున్నాడు. మూడో రోజుకు మణికట్టు వాచింది. డాక్టరు దాన్ని పరీక్షించి, ఏ ఫోనో కనుక్కుని, తనకూ అలాంటిది కొనాలని ఉందని చెప్పి, కట్టు కట్టాడు.

ఓబుళేశు కారు నడిపే దావీదురాజు దగ్గర తొమ్మిదేళ్ళ నాటి బటన్ల ఫోను ఉంది. దాన్ని చొక్కా జేబులో వేసుకుంటాడు, ఒక చేత్తో తీస్తాడు, మాట్లాడతాడు, మళ్ళీ జేబులో వేసుకుంటాడు. రెండుసార్లు ఇంజను కింద పడినా మాట్లాడుతూనే ఉంది. ఇంత వెనకబడిన మనిషి తన కారు తోలడం ఓబుళేశుకు నామోషీ అనిపించేది.

"మార్చకూడదా రాజూ దాన్ని?"

"ఇది పలుకుతాండాది గదన్నా. పలికేదాన్ని ఎట్ల పారేసేది?"

"పలికితే చాలునా?"

"ఫోను ఇంకేమన్నా చెయ్యాల్నా అన్నా?" అని దావీదురాజు నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు.

పదిహేనో రోజున ఫోను మంచం మీద నుంచి జారి, అడుగున్నర ఎత్తు నుంచి పడి, ఓ మూల చిట్లింది. అద్దం మార్చి ఇచ్చిన అంగడివాడు ఈసారి గంభీరంగా ఒక రబ్బరు కవరు తెచ్చి పెట్టాడు. చుట్టూ అరంగుళం మందాన నల్లటి అంచు.

"ఇది తొడిగితే కింద పడినా ఏం గాదు సార్. పట్టుకునేదానికి గూడా బాగుంటాది."

"అంటే అంచు గదప్పా ఇది."

"అంచు కాదు సార్. రక్షణ."

అలా ఓబుళేశు అంచు తీసినందుకు ఒకసారి, వేసినందుకు ఒకసారి చెల్లించి బయటికి వచ్చాడు. ఇంట్లో ఉన్నప్పుడు కవరు తొడిగి ఫోనును వాడుకునేవాడు. నలుగురిలోకి పోయేటప్పుడు కవరు తీసి ఫోనును మోసేవాడు. రెండూ కలిపి చూస్తే సౌకర్యంగానే ఉందని ఆయన తనకు తాను చెప్పుకున్నాడు.

ఊరు మాత్రం ఆయన వెంట నడిచింది. కుర్రకారు తమ పాత ఫోన్ల కవర్లు పీకి పారేసి, నల్లటి అంచుల మీద బ్లేడుతో గీకారు. ఆ అంచు ఫోనులో భాగమనీ, గీకితే పోయేది ఫోనేననీ తెలిసేసరికి నాలుగు పోయాయి. పంచాయతీ కార్యాలయం గోడ మీద తెల్ల సున్నం బార్డరును ఎవరో చెరిపేశారు. ప్రగతి అంటే ఇదేనని అందరికీ అర్థమైంది, దేనికన్నది తరవాత చూసుకోవచ్చు.

ఇక్కడ పొలం సంగతి చెప్పాలి. ఓబుళేశు శనక్కాయ చేనుకు తూర్పున రామసుబ్బమ్మ చేను ఉంది. డెబ్బై ఏళ్ళ మనిషి, మొగుడు పోయి చాలాకాలమైంది, రెండెకరాల కంది చేనే ఆధారం. రెండు చేన్లకూ మధ్య గట్టు. ఏటా దుక్కి రోజుల్లో ఓబుళేశు ట్రాక్టరు ఆ గట్టును రెండు చాళ్ళ మేర తూర్పుకు జరుపుతుంది. ట్రాక్టరుకు కళ్ళు లేవు కాబట్టి ఇందులో ఎవరి తప్పూ లేదు. పదకొండేళ్ళలో గట్టు అలా నడిచి నడిచి రామసుబ్బమ్మ కంది చాళ్ళ మధ్యకు చేరింది. అడిగినప్పుడల్లా ఓబుళేశు, "మనలో మనకేందత్తా, నీ చేను యాడికి పోతాది, ఈడనే గదా ఉండేది," అని ధైర్యం చెప్పేవాడు. చేను నిజంగానే అక్కడే ఉంది. ఆమెది కావడమే కొద్దికొద్దిగా మానేసింది.

ఆమె పెట్టుకున్న పదకొండో అర్జీకి స్పందించి అధికారులు కొలతకు తేదీ వేశారు. పది అర్జీల వరకు స్పందించకపోవడం ఆలస్యం కాదు, ఆమె పట్టుదలను పరీక్షించడం.

సర్వేయరు పేరు రంగస్వామి. కర్నూలు పడమటి పల్లెల మనిషి, ఈ మధ్యే ఇటు బదిలీ అయ్యాడు. కొలత కర్ర నేలకు నాటి, కొలతల పుస్తకం తెరిచి అంకెలు రాసుకున్నాడు. రామసుబ్బమ్మ తన చేను అవతలి గట్టు మీద, చీర కొంగు నెత్తిన కప్పుకుని, ఎండలో కూర్చుని ఉంది. మాటలు వినబడనంత దూరం.

ఓబుళేశు ఆ రోజు నలుగురూ చూస్తారని కవరు తీసి వచ్చాడు. ముందుగా రంగస్వామి భుజం మీద చెయ్యి వేసి బొమ్మ తీసుకుని, 'రైతు సమస్యల పరిష్కారంలో' అని రాసి ఫేస్‌బుక్‌లో పెట్టాడు. తరవాత ఫోనును అలవాటు ప్రకారం అరచేతిలో ఆనించుకుని, సర్వేయరును పక్కకు పిలిచాడు. బొటనవేలి కింద కండ తన పని తాను చేసుకుపోయింది. తెర మూలన ఎర్రటి చుక్క ఒకటి వెలిగింది. ఆయన చూడలేదు. అరచేతి దాటి బయటికి ఉన్న ఫోను వెనక కెమెరా కళ్ళు కిందికి తిరిగి, నేలనూ, ఆయన చెప్పులనూ, మట్టిలో సగం పూడిన ఒక రాయినీ చూడసాగాయి.

"ఏం తేలిందప్పా?"

"తేలేదేముంది," అన్నాడు రంగస్వామి. "హద్దురాయి నీ కాళ్ళ కాడే ఉండాది. గట్టు ఇరవై అడుగులు అవతలికి పోయినాది."

"రాయి యాడుండాది?"

"ఇదో, నీ చెప్పు కింద."

ఓబుళేశు చెప్పుతో రాయి మీదికి మట్టి నెట్టాడు. రెండుసార్లు తొక్కాడు. "ఇప్పుడు యాడుండాది?"

రంగస్వామి అటూ ఇటూ చూశాడు. "నువ్వు పెద్దమనిషివి, కాదనలేను. కానీ దుడ్ల మాట ఫోను ముందర వద్దు."

"దీన్ని జూసి భయపడతాండావా? ఇది నా చేతిలో ఉండాది గదా. నేను నొక్కంది ఇది ఏమీ చెయ్యదు. సందకాడ ఫ్యాక్టరీ కాడికి రా. గట్టు ఈడనే ఉండాదని రాసెయ్."

ఎర్ర చుక్క వెలిగి అప్పటికి ఆరు నిమిషాల నలభై సెకన్లు. అంతలో జేబులో ఉంచుకున్న పాత ఫోను మోగింది. లక్ష్మీదేవమ్మ.

"ఏమప్పా, ఏం చేస్తాండావు?"

"పొలంలో ఉండా. కొలత."

"తెలుస్తాండాది. నీ చెప్పులు కనబడతాండాయి. నువ్వు రాయి తొక్కింది గూడా కనబడె. మా చెల్లెలు రాయచోటి నుంచి చూస్తాండాది."

ఓబుళేశు అరచేతిలోకి చూశాడు. ఫేస్‌బుక్‌లో లైవ్ నడుస్తోందనీ, నాలుగు వందల పన్నెండు మంది చూస్తున్నారనీ తెర చెప్పింది. ఆపబోయాడు. ఆపడానికి చూపుడు వేలు పెడితే బొటనవేలి కండ తగిలి తెర మీద గులాబీ పువ్వులు కురిశాయి. దావీదురాజు పరిగెత్తుకుంటూ వచ్చి, తన తువ్వాలుతో ఫోనును చేపను పట్టినట్టు పట్టుకుని, మీట నొక్కి ఆపాడు.

ఇంటికి పోయే దారంతా ఓబుళేశు పోయినవి లెక్కపెట్టుకున్నాడు. పదకొండేళ్ళు చీకట్లో చేసిన పనిని పట్టపగలు తన చేత్తోనే లోకానికి చూపించాడు. కమిటీ పోయింది. కేసు తప్పదు. ఊళ్ళో తలెట్లా ఎత్తుకోవాలి. రామసుబ్బమ్మ గట్టు మీద నుంచి లేచి, చేయి అడ్డం పెట్టుకుని తన కారు వైపే చూడ్డం అద్దంలో కనబడింది. ఆ ఒక్క నిమిషం, అది నిజమే, ఆయనకు ఇరవై అడుగులు తిరిగిచ్చేయాలని కూడా అనిపించింది.

ఇంట్లో తలుపు మూసుకుని, ఫోనుకు కవరు తొడిగి, జనం ఏం రాశారో చూడ్డానికి ధైర్యం కూడగట్టుకున్నాడు. అప్పటికి పన్నెండు వేల మంది చూశారు.

మొదటి మాట: 'అన్నా, ఏ ఫోనిది? క్లారిటీ అదిరింది.'

రెండోది: 'రాయి మీద చీమ కాళ్ళు గూడా లెక్కపెట్టొచ్చు.'

మూడోది: 'అంత ఎండలో గూడా మట్టి రంగు మట్టి రంగు మాదిరే ఉండాది. నాది పసుపుపచ్చగా వస్తాది. ఏం చెయ్యాల?'

ఒకాయన రాయి మీద చెక్కిన బాణం గుర్తును పెద్దది చేసి, గీతలు ఏమాత్రం చెదరలేదని మెచ్చుకున్నాడు. ఇంకొకాయన చెప్పులు ఎక్కడ కొన్నారని అడిగాడు. గొంతు అంత స్పష్టంగా రావడానికి మైకు వేరే పెట్టారా లేక ఫోనుదేనా అని ఇద్దరి మధ్య వాదం నడిచి, తిట్ల దాకా పోయింది. 'ఆ గట్టు ఎవరిదప్పా' అని ఒక్కడు రాశాడు. వాడికి నలుగురు బుద్ధి చెప్పారు, ప్రతిదానిలోకీ రాజకీయం తేవద్దని.

ఓబుళేశు చదువుతూ చదువుతూ మంచం మీద వెనక్కి వాలాడు. ఇరవై అడుగులు తిరిగిచ్చే ఆలోచన దారిలో ఎక్కడ దిగిపోయిందో ఆయనకు తెలియలేదు. సాయంత్రం పెద్దాయనే స్వయంగా ఫోన్ చేశాడు.

"చూసినాను ఓబుళేశూ. మండలంలో లైవ్ ఇచ్చిన మొదటి నాయకుడివి నువ్వే. దాచేది లేదు, మూసేది లేదు. దీన్నే పారదర్శకత అంటారు. అదట్లుండనీ, ఆ ఫోను కడపలో దొరుకుతాదా?"

రామసుబ్బమ్మ కూడా ఊరుకోలేదు. పక్కింటి పిల్ల ఫోనులో ఆ వీడియో ఎక్కించుకుని బస్సెక్కి మండల కార్యాలయానికి పోయింది. అక్కడి అధికారి శ్రద్ధగా రెండుసార్లు చూసి, సాక్ష్యం చాలా స్పష్టంగా ఉందని ఒప్పుకున్నాడు. అయితే నిబంధనల ప్రకారం వీడియోను కాగితం మీద తీయించి, మూడు ప్రతులు, సంతకాలతో జతచేయమన్నాడు. ఆమె జిరాక్సు అంగడిలో తీయించింది. మూడు నల్లటి కాగితాలు వచ్చాయి. అధికారి వాటిని తిరగేసి, ఇందులో రాయి కనబడడం లేదని బాధపడ్డాడు. అదే వారం రంగస్వామి నివేదిక సమర్పించాడు. పన్నెండు వేల మంది చూసిన రాయి, ఎంత వెతికినా క్షేత్రంలో కనబడలేదని అందులో ఉంది. సంతకం, ముద్ర కూడా ఉన్నాయి.

నెల తిరగకముందే పంచాయతీ కార్యాలయం ముందర షామియానా వేసి, కమిటీ అధ్యక్షుడైన ఓబుళేశుకు సన్మానం చేశారు. పెద్దాయన శాలువా కప్పి మాట్లాడాడు.

"సోదరులారా, మన పెద్దలు శానా మంచోళ్ళు గానీ, ప్రతిదానికీ ఒక అంచు పెట్టినారు. చేనుకు గట్టు, ఊరికి పొలిమేర, నోటికి హద్దు. అందుకే మనం ఈడనే ఉండిపోతిమి. ఈ పొద్దు మన ఓబుళేశు ఆ అంచులన్నీ చెరిపేసినాడు. ఇట్లాంటోళ్ళు మండలానికి ఒకరుంటే చాలు, జిల్లాకే హద్దులుండవు."

జనం చప్పట్లు కొట్టారు. ఓబుళేశు కళ్ళు చెమర్చాయి. సభ ముగిశాక, జనం కోరిక మేరకు, ఫోనును అందరూ దగ్గరగా చూసేందుకు ఏర్పాటు చేశారు. బల్ల మీద పట్టుగుడ్డ పరిచి, దాని మీద ఫోను పెట్టి, పక్కనే అధ్యక్షుడు కూర్చున్నాడు. మనిషికి అర నిమిషం. వరుస కార్యాలయం మెట్లు దిగి, బస్సు ఆగే చోటు దాకా పోయింది. అప్పుడప్పుడు వీడియో కూడా వేసి చూపిస్తున్నారు, క్లారిటీ తెలియడానికి.

వరుసలో రామసుబ్బమ్మ ఉంది. గంటన్నర నిలబడింది. ఆమె వంతు వచ్చినప్పుడు ఓబుళేశు శాలువా భుజం మీదికి లాక్కున్నాడు. అత్తకు కూడా ఫోను చూడాలని ఉందంటే మనసులో ఏమీ పెట్టుకోనట్టే కదా అనుకున్నాడు. దయగా, తానే ఫోను తీసి, ఆమె ముందు పెట్టాడు.

"చూడత్తా. బాగా చూడు. అంచే ఉండదు."

ఆమె ఫోనును ముట్టుకోలేదు. వంగి, కళ్ళు చిట్లించి, తెర మీద ఆగి ఉన్న బొమ్మను చూసింది. చెప్పు, మట్టి, మట్టిలోంచి వేలెడంత బయటికి కనబడుతున్న రాయి.

"ఇదే గదా నాయనా నా రాయి," అంది. "ఇందులో ఇంత బాగా కనబడతాండాది గదా. చేనులో ఎందుకు కనబడ్డంలేదు? నా గట్టు యాడుండాదో అది గూడా ఇందులో చూపీ."

ఓబుళేశు పట్టుగుడ్డ మడతను వేలితో చదును చేశాడు. ఆ సంకటం నుంచి ఆయనను వెనకనున్న వరుస కాపాడింది. ఊరివాళ్ళే అందరూ. ఆమె చేలో కంది కోసినవాళ్ళూ, ఆమె చేతి రాగి సంగటి తిన్నవాళ్ళూ, ఆ గట్టు ఎక్కడుండేదో చిన్నప్పటి నుంచీ తెలిసినవాళ్ళూ. వాళ్ళలో కోపం లేదు, ఎగతాళి లేదు. ఎండకు నిలబడి నిలబడి విసుగు మాత్రమే ఉంది.

"అవ్వా, అర నిమిషం అయిపోయినాది," అన్నారు. "జరుగు. మేము గూడా చూడాల గదా."